రాయి, కిరాయి

ఆ ఉత్తరం మీద నేను సంతకం పెట్టలేదు. పెట్టనందుకు మా వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు నాకు గట్టిగానే క్లాసు పడింది. "నువ్వు పుస్తకాల మనిషివనుకున్నాం" అన్నారొకరు. "హెరిటేజ్ అంటే నీకు పట్టదా" అన్నారు ఇంకొకరు. పట్టబట్టే పెట్టలేదు. ఎందుకో గ్రూపులో చెబితే గుడ్ మార్నింగ్ మెసేజీల కింద కొట్టుకుపోతుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఉత్తరం సారాంశం ఇది. మొజంజాహీ మార్కెట్‌ని బాగు చేయించారు, చాలా సంతోషం. కానీ అంత అందమైన కట్టడంలో ఇంకా "ఆ స్థాయికి తగని" దుకాణాలే నడుస్తున్నాయి. వాటికి వేరేచోట వసతి చూపించి, ఆ మల్గీల్లో ఒక బుక్ కేఫ్, ఒక చేనేత దుకాణం, మంచి కాఫీ, పది మంది కూర్చుని కవిత్వం చదువుకునే వేదిక లాంటివి పెడితే హైదరాబాద్‌కి కూడా ఒక కోవెంట్ గార్డెన్ ఉంటుంది. అప్పటికే పదిహేడు సంతకాలు పడ్డాయి. పెట్టినవాళ్లంతా నాకు ఇష్టమైనవాళ్లు. వాళ్లలో సగం మంది ఇంటి ఓనరు ఏటా అద్దె పెంచుతున్నాడని నా దగ్గర ఏడ్చినవాళ్లు కూడా.

ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటే, "తగని".

మొజంజాహీ మార్కెట్ 1935 నాటిది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించి తన రెండో కొడుకు మొజ్జం జా పేరు పెట్టాడు. అంతా గ్రానైటు. మూల మీద గడియారం బురుజు, దానికి అటూ ఇటూ చేతులు చాచినట్టు రెండు వరసల దుకాణాలు, మధ్యలో ఖాళీ ఆవరణ. గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే అది ప్యాలెస్ కాదు, దేవిడీ కాదు, దర్బారు హాలు కాదు. కట్టిన రోజునే బజారు. పళ్లు అమ్ముకోవడానికి కట్టింది. తర్వాత పళ్ల మార్కెట్ కొత్తపేట వైపు వెళ్లిపోయింది. పక్కనే జాంబాగ్‌లో ఉండే పూల మార్కెట్ గుడిమల్కాపూర్ చేరింది. ఇక్కడ ఐస్‌క్రీమ్ దుకాణాలు, అత్తర్లు, హుక్కా సామాన్లు, ఎండు పళ్ల వాళ్లు మిగిలారు. ఎండాకాలం రాత్రి ఆ ఆవరణలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మామిడి ఐస్‌క్రీమో సీతాఫలం ఐస్‌క్రీమో తినని హైదరాబాదీ ఉంటే నాకు చూపించండి.

మధ్యలో చాలా ఏళ్లు ఆ కట్టడం పరిస్థితి ఘోరం. రేకులు, ఏసీ డబ్బాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన బోర్డులు, ఆవరణంతా బండ్లు. 2018లో పునరుద్ధరణ మొదలైంది, 2020 ఆగస్టు 14న అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. రాయి కడిగారు, రేకులు తీశారు, బోర్డులన్నీ ఒకే తీరుగా మార్చారు. ఆవరణలోంచి బండ్లని బయటికి పంపారు. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు, నాకైతే అస్సలు లేదు.

కానీ ఈ పనిలో అసలు మెచ్చుకోవాల్సింది నా లెక్కలో రాయి కడగడం కాదు. పని అయ్యాక చూస్తే ఐస్‌క్రీమ్ వాళ్లు ఐస్‌క్రీమే అమ్ముతున్నారు, అత్తరు వాళ్లు అత్తరే అమ్ముతున్నారు. పెద్ద కట్టడం ఒకటి బాగుపడి, అందులోని చిన్న దుకాణాలూ మిగలడం మామూలు విషయం కాదు. ప్రపంచంలో చాలాచోట్ల జరగలేదు. మా వాళ్లు ఉత్తరం రాసింది సరిగ్గా దీన్ని సరిదిద్దమని.

ఇప్పుడు కోవెంట్ గార్డెన్ సంగతి. ఆఫీసు పని మీద నాలుగు నెలలు లండన్‌లో ఉన్నప్పుడు దాదాపు ప్రతి శనివారం అక్కడికే వెళ్లాను. అబద్ధం ఎందుకు, నాకు చాలా నచ్చింది. గాజు కప్పు కింద పాటగాళ్లు, రాళ్లు పరిచిన నేల, ఎటు చూసినా ఫొటోనే. కాఫీ ధర రూపాయల్లోకి మార్చుకుని గుటక మింగడం కూడా అలవాటైంది. ఉత్తరం రాసినవాళ్లని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. వాళ్ల కళ్లల్లో ఉన్న బొమ్మే నా ఫోన్లోనూ ఉంది.

అయితే దాని కథ మన మార్కెట్ కథకి ఆశ్చర్యమేసేంత దగ్గర. అది కూడా పళ్లు, కూరగాయలు, పూల మార్కెట్టే. మధ్యలో ఉన్న భవనం 1830లో కట్టింది. బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్' వానలో, ఆ పక్క చర్చి వసారాలో మొదలవుతుంది. పూలమ్ముకునే ఎలైజా అక్కడ ఉండటం నాటకీయత కోసం కాదు, పూలమ్మాయి అక్కడ కాక ఇంకెక్కడుంటుంది! 1974లో మార్కెట్‌ని నది అవతల నైన్ ఎల్మ్స్‌కి మార్చారు. అంతకుముందే ఆ ప్రాంతంలో చాలా భాగం పడగొట్టి రోడ్లు, ఆఫీసులు కట్టాలని గ్రేటర్ లండన్ కౌన్సిల్ ప్లాను వేసింది. అక్కడుండేవాళ్లు 1971లో సంఘం పెట్టుకుని కొట్లాడారు. రెండేళ్ల తర్వాత ప్రభుత్వం అక్కడి రెండు వందల పైచిలుకు కట్టడాలకి రక్షణ ఇవ్వడంతో ఆ ప్లాను కుప్పకూలింది. 1980లో మార్కెట్ భవనం దుకాణాలు, తిండిశాలలతో మళ్లీ తెరుచుకుంది. మొదట్లో చిన్న చిన్న దుకాణాలకే ఇచ్చారు. యజమాని కౌన్సిల్ కాబట్టి అది కుదిరింది.

ఇక్కడిదాకా మా వాళ్ల ఉత్తరంలో ఉన్న కోవెంట్ గార్డెన్. వాళ్లు చెప్పనిది ఆ తర్వాతి భాగం. 1986లో ఆ కౌన్సిల్‌నే రద్దు చేశారు. భవనం ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2006లో ఒక పెద్ద ప్రాపర్టీ కంపెనీ కొనుక్కుంది. ఆ తర్వాత ఎవరుండాలి అనే ప్రశ్నకి జవాబు మారిపోయింది. చేతిపని వస్తువులు అమ్మే హాలుకి ఇప్పటికీ యాపిల్ మార్కెట్ అనే పేరుంది. 2010లో అదే చౌక్ మీద తెరుచుకున్న ఆపిల్ మాత్రం వేరే. కట్టడంలో ఒక్క ఇటుక కదల్లేదు. స్తంభాలూ గాజు కప్పూ అన్నీ చట్టప్రకారం భద్రం. ఎలైజా ఈరోజు అక్కడికొస్తే వాన నుంచి తలదాచుకోవడానికి చర్చి వసారా దొరుకుతుంది. బుట్ట దించుకోవడానికి మాత్రం చోటు దొరకదు.

నా వృత్తిలో రీఫ్యాక్టరింగ్ అని ఒక పనుంటుంది. పాత కోడు లోపల ఎంతైనా మార్చు, కానీ బయటివాళ్లకి అది చేసే పని మారకూడదు. మారితే అది రీఫ్యాక్టరింగ్ కాదు, కొత్త ప్రోగ్రాము. వారసత్వ భవనాల విషయంలో మనం దీన్ని తిరగేశాం. బయటికి కనబడేదంతా అలాగే ఉండాలి, అది చేసే పని మొత్తం మారిపోయినా ఫర్వాలేదు. పైగా దాన్ని కాపాడటం అంటాం. చట్టాలు కూడా అంతే. మన ఊళ్లో కట్టడాలని జాబితాలో పెట్టే 13వ నిబంధన ఉండేది, 2015లో తీసేశారు, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఏది చూసినా కట్టడం గురించే తపన. అందులో బతికే కిరాయిదారు ఏమవుతాడన్నది వాటి లెక్కలోకి రాదు.

ఇప్పుడు మా వాళ్ల బుక్ కేఫ్ దగ్గరికి వద్దాం. నాకు నిజంగా నొప్పి పుట్టేది ఇక్కడే.

బాగుచేసిన కట్టడాన్ని ఏదైనా సంస్థకి అప్పగించారనుకోండి. ఆ సంస్థ ముందు పెట్టిన డబ్బు వెనక్కి రావాలి. మాల్స్‌లో దుకాణాల అద్దె ఎలా ఉంటుందో చాలామందికి తెలీదు. నెలకి ఇంత అని ఒక కనీస మొత్తం, లేదా అమ్మకాల్లో ఇంత శాతం, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. దాని మీద మెయింటెనెన్స్ చార్జీలు. లోపల అలంకరణ ఖర్చు మనదే. కొన్నేళ్లు ఖాళీ చేయడానికి లేదు. ఓనరు ఇక్కడ గోడలకే కాదు, గల్లాపెట్టెకి కూడా ఓనరు. కాబట్టి అతనికి కావాల్సింది చదరపు అడుగుకి ఎక్కువ డబ్బు రాబట్టే సరుకు. దేనికి ఆ శక్తి ఉంది? కాఫీకుంది, కాక్‌టెయిల్‌కుంది, బ్రాండు బట్టలకుంది, సెంటుకుంది. అత్తరుక్కాదు, సెంటుకి.

పుస్తకానికి? సరదాగా ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవే, మీకు నచ్చినట్టు మార్చుకోండి. రెండు వందల చదరపు అడుగుల చిన్న దుకాణం, అడుగుకి 300 రూపాయలు, అంటే నెలకి 60,000. తెలుగు పుస్తకం వెల 200. దుకాణానికి 35 శాతం మిగిలిందనుకుంటే చేతికొచ్చేది 70 రూపాయలు. అద్దె ఒక్కటి కట్టడానికే నెలకి 857 పుస్తకాలు అమ్మాలి. రోజుకి ఇరవై తొమ్మిది. కరెంటు, మనిషి జీతం, మెయింటెనెన్స్ ఇంకా మొదలే కాలేదు. 500 కాపీలు ఏడాదిలో అమ్ముడుపోతే ఫేస్‌బుక్‌లో ప్రకటించుకునే జాతి మనది.

అప్పుడేమవుతుంది? బుక్ కేఫ్‌లో ముందు బుక్కు వెనక్కి జరుగుతుంది. మొదటి ఏడాది నాలుగు అలమరాలు, రెండో ఏడాది ఒకటి, మూడో ఏడాది గోడకి వేలాడే పుస్తకాల బొమ్మలు. మన ఊళ్లో ఇలాంటి బొమ్మల కింద కూర్చుని నేను కనీసం మూడు చోట్ల కాఫీ తాగాను. ఒకచోట అలమరాలో పుస్తకం తీయబోతే అది పుస్తకం కాదు, అట్టపెట్టె. అత్తరు దుకాణాన్ని లేపి మనం తెచ్చుకునేది ఆ అట్టపెట్టెని.

సరే, మరి ఈ నగరంలో పుస్తకం నిజంగా ఎక్కడ బతికింది? మొజంజాహీ మార్కెట్ నుంచి నడిచిపోయే దూరంలో ఆబిడ్స్ ఉంది. ఆదివారం దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరుస్తారు, పాత పుస్తకాలు వస్తాయి. నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు సిలబస్ పుస్తకాల కోసం మొదటిసారి వెళ్లి, సంచీలో వేరే పుస్తకాలతో తిరిగొచ్చాను. ఈరోజు ఇలా వ్యాసాలు రాసే అలవాటు అక్కడి నుంచి వచ్చిందే. ఉత్తరం మీద సంతకం పెట్టిన పదిహేడు మందిలో చాలామంది కథ కూడా ఇదే. ఆ బజారుకి ఆర్కిటెక్టు లేడు, క్యూరేటరు లేడు, సంస్కృతీ సంప్రదాయాల మీద ప్రేమతో ఎవరూ దాన్ని స్థాపించలేదు. వారంలో ఒక రోజు ఆ జాగా కిరాయి దాదాపు లేకుండా పోతుంది కాబట్టి అక్కడ పుస్తకం కూర్చోగలుగుతోంది.

ఇరానీ హోటల్ కూడా అంతే. ఒకప్పుడు ఆబిడ్స్‌లో ఓరియెంట్ హోటల్ ఉండేది, మఖ్దూం మొహియుద్దీన్ లాంటివాళ్లు కూర్చునేవారు. మనం ఆ టీ రుచి గురించి రాస్తాం, పాలరాతి బల్లల గురించి రాస్తాం, కప్పు ఒకటి చెప్పి రెండు గంటలు కూర్చోనిచ్చిన గల్లా మీది సేఠ్ మంచి మనసు గురించి రాస్తాం. ఒక కప్పు టీకి రెండు గంటల కుర్చీ ఇవ్వాలంటే మంచి మనసొకటే సరిపోదు, ఆ కుర్చీ కింది చదరపు అడుగు చవగ్గా ఉండాలి. ఇది ఏ వ్యాసంలోనూ కనబడదు. హోటల్ మూతపడ్డాక మాత్రం మనం అందరికంటే ముందు చేరి నివాళి రాస్తాం. గత పదేళ్లలో 'కనుమరుగవుతున్న' అనే మాటతో మొదలయ్యే వ్యాసాలు నేను ఎన్ని చదివానో! ఒకటి నేనూ రాశాను. అందులో లీజు అనే మాట ఒక్కసారి కూడా లేదు. ఇప్పుడు తీసి చూసుకుంటే సిగ్గేసింది.

జేన్ జేకబ్స్ 1961లోనే అమెరికా నగరాల గురించి రాస్తూ ఈ విషయం పట్టుకుంది. పాత భవనాల అవసరం ఆమెకి అందం కోసం కాదు. పెట్టుబడి తీరిపోయిన పాత గోడల్లో అద్దె తక్కువ, తక్కువ అద్దె దగ్గరే లాభం గ్యారంటీ లేని పనులు మొదలవుతాయి. ఇందులో మెలిక ఏంటంటే, పాత భవనం బాగా పాపులర్ అయిన రోజున ఆ తక్కువ అద్దె పోతుంది. హెరిటేజ్ అని బోర్డు పడ్డ రోజే దాని పాతదనం ఖరీదైన సరుకైపోతుంది. బోస్టన్‌లో 1826 నాటి క్విన్సీ మార్కెట్‌ని 1976లో ఇలాగే తెరిచారు, అది బ్రహ్మాండంగా నడిచింది. దాన్ని చూసి న్యూయార్క్‌లో పాత రేవు దగ్గర చేశారు. ఆ రేవుకి ఆ వాసన ఇచ్చిన ఫుల్టన్ చేపల మార్కెట్ 2005లో అక్కడి నుంచి లేచిపోయింది.

మా వాళ్లు నాకు వేసిన ఎదురు ప్రశ్నల్లో రెండు గట్టివి, దాటేయను. మొదటిది, ఆ భవనాన్ని పాడు చేసిందే ఆ దుకాణదారులు కదా అన్నారు. నిజం. గ్రానైటులో మేకులు దిగ్గొట్టింది, రేకులు వేసింది, ఏసీలు తగిలించింది వాళ్లే. వాళ్లేమీ సాధువులు కారు. కానీ దానికి మందు బోర్డుల మీద, రేకుల మీద నిబంధన, అది పెట్టారు కూడా, పని చేసింది. మేకు కొట్టినందుకు మనిషినే ఊడబెరకాలంటే ఈ నగరంలో ఏ అపార్ట్‌మెంట్లోనూ ఎవరూ మిగలరు.

రెండోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. "జీహెచ్ఎంసీ మల్గీని తక్కువ కిరాయికి పట్టుకుని ఇంకొకడికి ఎక్కువకి ఇచ్చుకునేవాడిని కూడా నువ్వు కాపాడతావా?" అని అడిగింది ఒక స్నేహితురాలు. ఈ మార్కెట్ అని కాదు, మున్సిపల్ మల్గీలు ఎక్కడున్నా ఈ బేరం ఉంటుందని మనకి తెలుసు. లేదు, వాడిని కాపాడను. ప్రజల ఆస్తి మీద తక్కువ కిరాయి అంటే ప్రజలు ఇస్తున్న సాయం, అది కౌంటరు వెనక నిలబడి సరుకు అమ్మే మనిషికి చేరాలి. కాబట్టి ఎవరి పేరున మల్గీ ఉంది, ఎవరు నడుపుతున్నారు, ఎంత కడుతున్నారు అనేది గోడ మీద రాసి పెట్టమనండి. పారదర్శకత అడగడానికీ, "తగని" అనడానికీ చాలా తేడా ఉంది. ఒకటి లెక్క అడుగుతుంది, ఇంకోటి మనిషి వాలకం చూస్తుంది.

ఎవరికి తగనిది? ఆ ఐస్‌క్రీమ్ కోసం పాతబస్తీ నుంచి బైకు మీద ముగ్గురు పిల్లలతో వచ్చిన కుటుంబానికి అది చక్కగా తగింది. రాత్రి పదింటికి ఆ ఆవరణలో చూడండి, బురఖా వేసుకున్నవాళ్లు, కాలేజీ పిల్లలు, మార్వాడీ కుటుంబాలు, డ్యూటీ దిగిన కానిస్టేబుల్, అందరూ పక్కపక్క కుర్చీల్లో. ఈ ఊళ్లో ఇలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా బుక్ కేఫ్ వస్తే అక్కడ ఎవరుంటారో నాకు కచ్చితంగా తెలుసు. మేమే ఉంటాం. మా పదిహేడు మంది, నాతో కలిపి పద్దెనిమిది. కోవెంట్ గార్డెన్‌లోనూ నేనే ఉన్నాను. ఆ కాఫీకి డబ్బు కట్టింది నేనే, ఆ అద్దె నా జేబు చూసి నిర్ణయించిందే. అందుకే ఇది వాళ్లని తిట్టడానికి రాయడం లేదు. మనలాంటి వాళ్ల అభిరుచి ఎక్కడికి వెళ్తే దాని వెనకే కిరాయి నడిచొస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా "సాహిత్యం కోసం" అని సంతకం పెట్టడం నా వల్ల కాలేదు.

"అయితే నువ్వే రాయి మరి" అన్నారు గ్రూపులో, కొంచెం వెటకారంగానే. రాశాను. ఒక పేజీ ఉంది. మార్కెట్లో ఇప్పుడున్న వ్యాపారాలని కట్టడంలో భాగంగానే నమోదు చెయ్యాలి, గడియారాన్ని నమోదు చేసినట్టే. మల్గీల కిరాయి పట్టిక అందరికీ కనబడేలా పెట్టాలి. ఎవరైనా వాళ్లంతట వాళ్లు ఖాళీ చేస్తే ఆ మల్గీని వేలంలో ఎక్కువ పాడినవాళ్లకి కాకుండా, పాత కిరాయికే, అప్పటిదాకా దుకాణం లేని మనిషికి లాటరీలో ఇవ్వాలి. అది పుస్తకాల మనిషైతే సంతోషం, చెప్పులు కుట్టే మనిషైనా సంతోషమే. తర్వాత ఏ పాత కట్టడాన్ని బాగు చేయడానికి తీసుకున్నా, పని మొదలుపెట్టేముందే లోపలున్నవాళ్ల జాబితా ప్రకటించి, పని అయ్యాక ఎంతమంది మిగిలారో మళ్లీ ప్రకటించాలి. చివర్లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ని అలా వదిలేయమని ఒక వాక్యం చేర్చాను, ఎవరైనా దాన్ని కూడా సుందరీకరించే ప్రమాదం ఉంది కాబట్టి.

కిందటి ఆదివారం ఆ కాగితం పట్టుకుని మార్కెట్‌కి వెళ్లాను. ఒక అత్తరు దుకాణం పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేరా చదివించుకున్నాడు. "కిరాయి పట్టిక గోడ మీద పెట్టమంటున్నావా బేటా?" అని అడిగాడు. అవునన్నాను. కాసేపు ఆలోచించి, "అది తప్ప మిగతాదంతా బాగుంది" అన్నాడు. సంతకం పెట్టలేదు. మణికట్టుకి కొంచెం ఖస్ అత్తరు రాసి పంపించాడు.

ఇప్పటికి ఆరు సంతకాలయ్యాయి. అందులో ఇద్దరు మొదటి ఉత్తరం మీద కూడా పెట్టినవాళ్లే.